నంది హిల్స్ మీదికి సైకిలు: వేళ తెలిసి ఎక్కడం

బెంగళూరుకు పని మీదో పెళ్లికో వెళ్లినప్పుడు ఒక ఉదయం ఖాళీ దొరికితే, సైకిలు తొక్కే అలవాటున్నవాళ్లకు ముందుగా గుర్తొచ్చే పేరు నంది హిల్స్. నగరం నడిబొడ్డు నుంచి సుమారు 60 కిలోమీటర్లు. బెంగళూరే సముద్రమట్టానికి 920 మీటర్ల ఎత్తున ఉంటే, ఈ కొండ 1478 మీటర్లు. ఘాట్ రోడ్డు ఏడెనిమిది కిలోమీటర్లు సాగి 400 మీటర్లకు పైగా ఎక్కిస్తుంది. హైదరాబాదు నుంచి కారులో వచ్చేవాళ్లకు మరో సౌకర్యం కూడా ఉంది. కర్నూలు, అనంతపురం మీదుగా వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి నగరంలోకి చేరకముందే ఈ కొండల పక్కనుంచి పోతుంది. కొండ దగ్గరి పట్టణం చిక్కబళ్లాపురంలో తెలుగు మాట్లాడితే చాలు, దారి చెప్పేవాళ్లకు కొదవ ఉండదు.

అందరూ వేసుకునే ప్లాను ఒకటే. కొండ మీద సూర్యోదయం చూడాలి, కాబట్టి చీకట్లోనే ఎక్కాలి. కారులో వెళ్లేవాళ్లకు ఇది బాగానే ఉంటుంది. సైకిలుకు మాత్రం ఇంతకంటే చెడ్డ ప్లాను లేదని నా అభిప్రాయం. సైకిలు మీద వెళ్లేవారు ముందుగా నిర్ణయించుకోవలసింది దిగే వేళను. ఎక్కే వేళను దాన్నిబట్టి వెనక్కి లెక్కపెట్టుకోవాలి.

ముందు వెలుతురు సంగతి. దేశమంతటికీ గడియారం ఒకటే, సూర్యుడు మాత్రం ఒక్కో ఊరికి ఒక్కో వేళకు వస్తాడు. మన ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. బెంగళూరు 77.6 డిగ్రీల దగ్గర ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, అక్కడి సూర్యుడు మన గడియారం కంటే దాదాపు 20 నిమిషాలు ఆలస్యం. విశాఖపట్నం ఆ రేఖకు కాస్త తూర్పునే ఉంది. జూన్‌లో విశాఖలో తెల్లవారాక దాదాపు అరగంటకు గానీ బెంగళూరులో తెల్లవారదు. జనవరిలో ఈ తేడా పావుగంటకు తగ్గుతుంది. ఉత్తరాన ఉన్న విశాఖకు చలికాలంలో పగలు మరికాస్త కురచ కావడమే దీనికి కారణం. ఐదున్నరకే బీచ్ రోడ్డులో తొక్కే అలవాటున్న విశాఖవాసి అదే వేళకు ఇక్కడ బయలుదేరితే చిమ్మచీకట్లో చిక్కుకుంటాడు.

ఇంకో విశేషం ఉంది. ఏడాదిలో అతి చిన్న పగలు డిసెంబరు 21 ప్రాంతంలో వస్తుంది కదా, సూర్యోదయం కూడా ఆ రోజే అన్నిటికన్నా ఆలస్యంగా అవుతుందని చాలామంది అనుకుంటారు. బెంగళూరులో అతి ఆలస్యపు సూర్యోదయం జనవరి చివరి వారంలో, సుమారు 6:46కు వస్తుంది. భూమి కక్ష్య కచ్చితమైన వృత్తం కాకపోవడం వల్ల, దాని అక్షం ఒరిగి ఉండటం వల్ల, ఒక మిట్టమధ్యాహ్నం నుంచి మరో మిట్టమధ్యాహ్నానికి పట్టే కాలం ఆ రోజుల్లో 24 గంటలకంటే కొన్ని సెకన్లు ఎక్కువ. డిసెంబరు చివర్లో ఈ తేడా రోజుకు అర నిమిషం దాకా ఉంటుంది. అలా పోగవుతూ పోయి, పగలు పెరగడం మొదలైన తర్వాత కూడా సూర్యోదయం ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. మే చివరా జూన్ మొదటా అయితే 5:52 ప్రాంతానికే తెల్లవారుతుంది. డిసెంబరులో వెళ్లొచ్చిన మిత్రుడు చెప్పిన వేళను మేలో పాటిస్తే దాదాపు ముప్పావుగంట చల్లదనం చేజారినట్టే.

సూర్యుడు కనిపించే ముందు రోడ్డు కనిపించేంత వెలుతురు వస్తుంది. ఉష్ణమండలంలో సూర్యుడు దిగంతం నుంచి దాదాపు నిటారుగా పైకి లేస్తాడు కాబట్టి ఈ సంధ్యాకాలం మనకు కురచ, సుమారు 22 నిమిషాలు. యూరప్ వాళ్లు రాసిన సలహాల్లో గంటసేపు పరుచుకునే వేకువ వెలుగు మన దగ్గర ఉండదు. అందుకని జనవరిలో అయితే 6:25కు కొండ అడుగున మొదటి పెడలు వేస్తే సరిపోతుంది. పైకి చేరేసరికి ఏడు దాటుతుంది.

ఈ వేళకు ఇంకో లాభం ఉంది. సూర్యోదయం చూడాలనుకునే కార్లూ బైకులూ అప్పటికే పైకి చేరి ఉంటాయి. అవి గుంపుగా దిగడం మొదలయ్యేలోపు మనం కిందికి వచ్చేయవచ్చు. అయితే ఈ లెక్క మామూలు రోజులకే. శని, ఆదివారాల్లో ఆ ఘాట్ రోడ్డు మీద వాహనాలు తోకలు కట్టి నిలబడతాయి. ఎంత తొందరగా వెళ్లినా లాభం లేదు, ఆ రెండు రోజులూ మానుకోవడం మేలు. కొండ మీది గేటు తెరిచే వేళలు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి ముందురోజే కనుక్కోవాలి. నగరం నుంచి చీకట్లో జాతీయ రహదారి మీద లారీల మధ్య తొక్కుతూ రావడం సాహసమనిపించుకోదు. సైకిలును కారులో వేసుకుని రావాలి, లేదా రాత్రి దేవనహళ్లి, చిక్కబళ్లాపురం వైపు బస చేయాలి.

ఇక ఎక్కడానికి ఎంత శక్తి కావాలి? మనిషి 70 కిలోలు, సైకిలూ నీళ్ల సీసా కలిపి 10 కిలోలు అనుకుందాం. 80 కిలోలను 400 మీటర్లు ఎత్తడానికి దాదాపు 314 కిలోజౌళ్లు కావాలి. 40 నిమిషాల్లో ఎక్కితే సెకనుకు 131 జౌళ్లు, అంటే 131 వాట్లు. టైర్ల రాపిడికీ గాలికీ కలిపి మరో 20 వేసుకుంటే 150 వాట్లు. రెండు సీలింగ్ ఫ్యాన్లు తిరగడానికి పట్టే శక్తి. చదును నేల మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంలో శ్రమలో అధికభాగం గాలిని చీల్చడానికే పోతుంది. ఘాట్ రోడ్డు మీద 11 కిలోమీటర్ల వేగంలో గాలి వాటా నామమాత్రం, బరువే అంతా. ఒక కిలో తగ్గితే 40 నిమిషాల్లో అర నిమిషం ఆదా. అందుకోసం వేలు పోసి కార్బన్ చక్రాలు కొనేవాళ్లను నేనేమీ అనను గానీ, రెండు సీసాల్లో ఒకటి కింద వదిలేస్తే అదే ఆదా ఉచితంగా దొరుకుతుంది.

డబ్బు పెట్టవలసిన చోటు గేర్లు. అద్దె సైకిలైతే ముందురోజు సాయంత్రమే వెనక చక్రం పక్కన కూర్చుని, అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రానికి ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టండి. ముందు 39, వెనక 25 పళ్లున్న పాత రేసు సైకిలు ఒక చుట్టు పెడలుకు 3.3 మీటర్లు ముందుకు వెళుతుంది. రోడ్డు తొమ్మిది శాతం వాలుకు, అంటే వంద మీటర్లకు తొమ్మిది మీటర్ల చొప్పున లేచినచోట 150 వాట్లతో మనం వెళ్లగలిగేది గంటకు ఏడు కిలోమీటర్లే. ఆ వేగానికి పెడలు నిమిషానికి 37 సార్లు కూడా తిరగదు. ప్రతి తొక్కుకూ ఒళ్లంతా వేలాడాలి, మోకాళ్లు మొరాయిస్తాయి. ముందు 34, వెనక 32 ఉంటే అదే వేగంలో 54 చుట్లు తిరుగుతుంది. శక్తి అంతే, కండరం మీద పడే ఒత్తిడి మాత్రం మూడింట రెండు వంతులకు దిగుతుంది. అద్దెకిచ్చేవాళ్లు ఫ్రేము గురించి గొప్పలు చెబుతారు, పళ్ల సంఖ్య అడిగితే తడుముకుంటారు.

మన శరీరం తిన్నదాంట్లో పెడలుకు అందించేది నాలుగో వంతుకు మించదు. 150 వాట్ల పనికి మరో 450 వాట్లు వేడిగా పుడతాయి. ఆ వేడి ముఖ్యంగా చెమట ఆరడం ద్వారానే పోవాలి. లీటరు చెమట ఆరితే దాదాపు 2400 కిలోజౌళ్లు తీసుకుపోతుంది కాబట్టి, నలభై నిమిషాల ఎక్కుడుకు అర లీటరు చెమట ఖర్చు. తెల్లవారుజామున ఫోనులో తేమ 95 శాతమని చూసి కొందరు భయపడతారు. ఆ శాతం మోసం చేస్తుంది. చల్లని గాలి మోయగలిగే ఆవిరే తక్కువ. 18 డిగ్రీల గాలిలో 95 శాతం తేమ ఉన్నా, 32 డిగ్రీల గాలిలో 40 శాతమే ఉన్నా, ఆవిరి పీడనం, అంటే గాలిలోని నీటి ఆవిరి ఒత్తిడి, రెండు చోట్లా 19, 20 హెక్టోపాస్కళ్ల (పీడనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గరే ఉంటుంది. 34 డిగ్రీల తడి చర్మం మీద అది 53. చెమట ఆరడానికి పనికొచ్చేది ఈ తేడాయే. అంటే చెమట ఆరే విషయంలో బెంగళూరు ఉదయానికీ మధ్యాహ్నానికీ పెద్ద తేడా లేదు. ఉదయపు లాభమంతా నేరుగా చల్లని గాలికి ఒళ్లు వేడిని వదలడంలోనూ, ఎండ తగలకపోవడంలోనూ ఉంది. విశాఖ తీరంలో 28 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్న ఉదయం సంగతి వేరు. అక్కడ ఆవిరి పీడనమే 32కు చేరుతుంది, చెమట ఆరకుండా కారిపోతుంది.

తిండి గురించి రెండు మాటలు. ఈ ఎక్కుడుకు ఖర్చయ్యేది 350 కిలోకాలరీల లోపు. రాత్రి నిద్రలో కాలేయంలోని నిల్వ తరుగుతుంది గానీ కండరాల్లోని గ్లైకోజన్ (దాచిన పిండిపదార్థం) చాలావరకు అలాగే ఉంటుంది. రాత్రి మామూలుగా భోంచేసినవారికి ఉదయం ఒక అరటిపండు చాలు, ఇడ్లీలు దిగొచ్చాక తినవచ్చు. ఆ పండును కింద ఉండగానే తినేయాలి. వెనక జేబులో పెట్టుకుని పైకి వెళితే కోతులు దాని సంగతి చూసుకుంటాయి. తెల్లవారుజామున శరీర ఉష్ణోగ్రత రోజు మొత్తంలో అతి తక్కువగా ఉంటుంది, కండరాలు బిగుసుకుని ఉంటాయి. కొండ మొదలయ్యే ముందు పావుగంట చదును రోడ్డు మీద తిరగడం తప్పనిసరి.

పైన దృశ్యం ఎలా ఉంటుందో ముందు రాత్రి ఆకాశమే చెబుతుంది. చలికాలంలో మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి పల్లంలో చేరుతుంది, దాని మీద వెచ్చని గాలి మూతలా పరుచుకుంటుంది. తేమ ఉంటే ఆ పల్లంలో పొగమంచు కమ్ముతుంది, శిఖరం మాత్రం దానికి పైన ఎండలో ఉంటుంది. ఫొటోల్లో కనిపించే పాల సముద్రం ఇదే. ఇలాంటి రోజుల్లో ఎత్తుకు వెళ్లేకొద్దీ చల్లబడుతుందన్న మామూలు సూత్రం కాసేపు తలకిందులవుతుంది. రెండో మూడో మలుపు తిరిగేసరికి గాలి వెచ్చబడటం చేతులకు స్పష్టంగా తెలుస్తుంది. వానాకాలపు మబ్బు అలా కాదు. తేమగాలి వాలు వెంట పైకెక్కి చల్లబడి అక్కడే మబ్బు కడుతుంది. అప్పుడు కింద స్పష్టంగా ఉన్న రోడ్డు పైకి పోయేకొద్దీ కనిపించకుండా పోతుంది.

ఇప్పుడు దిగడం. ఎక్కేటప్పుడు పోగుచేసిన 314 కిలోజౌళ్లూ దిగేటప్పుడు ఎక్కడో ఒకచోట ఖర్చుకావాలి. ఆరు శాతం వాలులో బ్రేకు వేయకుండా వదిలేస్తే, గాలి అడ్డుకునేసరికి వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటుతుంది. భయపడి 25 దగ్గరే పట్టి ఉంచితే గాలి పెద్దగా సాయపడదు, బ్రేకుల మీద 200 వాట్లకు పైగా వేడి పడుతూనే ఉంటుంది. చక్రం అంచును పట్టి ఆపే రిమ్ బ్రేకులైతే ఆ అంచులు కాలిపోయేంత వేడెక్కి ట్యూబు పగిలే ప్రమాదం ఉంది. అదేపనిగా పట్టి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా నొక్కి, మలుపులో వదిలి, ఆ తర్వాత చల్లారనివ్వాలి. 40 వేగంలో ప్రమాదాన్ని చూసి స్పందించేలోపే 11 మీటర్లు గడిచిపోతాయి, ఆగడానికి మరో 12. పొడి రోడ్డు మీది లెక్క ఇది. మంచు పడి తడిసిన రోడ్డు మీద, ఎండుటాకులున్న మలుపులో దీన్ని నమ్ముకోకూడదు. ఎదురుగా వచ్చే కారుకు మనం, మనకు కారు ముందే కనిపించే వెలుతురులో మాత్రమే దిగాలనడం ఇందుకే.

చలి సంగతి కూడా దిగేటప్పుడే బయటపడుతుంది. ఎక్కేటప్పుడు పుట్టిన వేడి ఆగిపోతుంది, తడిసిన చొక్కా మీద గాలి కొడుతుంది, వేళ్లు మొద్దుబారి బ్రేకు లీవరు పట్టు తప్పుతుంది. గాలిని ఆపే పలుచని చొక్కా లేకపోతే పాత రేసు సైకిలువాళ్ల ఉపాయమే గతి. దినపత్రిక రెండు మడతలు పెట్టి ఛాతీకీ చొక్కాకూ మధ్య దోపుకోవడం.

ఒకవేళ ఉదయం లేచి చూసేసరికి శిఖరం మబ్బులో ఉంటే ఎక్కవద్దు. వెలుతురు లెక్కలన్నీ అప్పుడు పనికిరావు. కొండ చుట్టూ ఉన్న పల్లె రోడ్లే ఆ పూటకు చాలు. నంది గ్రామంలో భోగ నందీశ్వరుడి గుడి ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దెనహళ్లి కూడా ఈ చుట్టుపక్కలే. మోక్షగుండమేమో మన ఉమ్మడి ప్రకాశం జిల్లా ఊరు, ఆయన పూర్వీకులు అక్కణ్ణుంచే వెళ్లారు. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని పుట్టింది కూడా ఈ నంది కొండల వరుసలోనే. ఎత్తు పెద్దగా లేకుండా ముప్పై నలభై కిలోమీటర్లు తిరిగి తొమ్మిదింటికల్లా కారు దగ్గరికి చేరుకోవచ్చు.