ఇసుకరాయి మిగిల్చిన అడవి

జర్మనీ మ్యాప్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి తూర్పుకి వేలు జరుపుకుంటూ పోండి, మైన్ నది ఒకచోట తిక్కగా తిరుగుతూ కనిపిస్తుంది. గెమ్యుండెన్ ఊరి నుంచి అషాఫెన్‌బుర్గ్‌కి తిన్నగా పోతే దాదాపు 40 కిలోమీటర్లే. నది మాత్రం దక్షిణానికి దిగి, వెర్ట్‌హైమ్ దగ్గర పడమరకి మళ్ళి, మిల్టెన్‌బెర్గ్ దగ్గర మళ్ళీ ఉత్తరం పట్టి, 120 కిలోమీటర్లకు పైగా చుట్టు తిరిగితే గానీ అక్కడికి చేరదు. అది మూడు పక్కలా చుట్టేసిన అడవి కొండల పేరు ష్పెస్సార్ట్. ఉత్తరాన హద్దు కింజిగ్ నది. పేరులో ఉన్నది వడ్రంగి పిట్ట, అంటే ఆ పిట్ట తిరిగే కొండ అడవి అని అర్థం.

కొండలు అన్నాను గానీ శిఖరాలు ఊహించుకోకండి. అన్నిటికంటే ఎత్తైన గైయర్స్‌బెర్గ్ 586 మీటర్లే. పైకెక్కి చూస్తే ఇంచుమించు ఒకే ఎత్తులో, గుండ్రటి వీపులతో గట్లు సాగిపోతుంటాయి. అసలిది ఒక పీఠభూమి, వాగులు దాన్ని లోతుగా కోసుకుంటూ పోయాయి కాబట్టి లోయలో నిలబడ్డవాడికి అది కొండలా కనిపిస్తుంది, అంతే.

ఆ పీఠభూమి ఎర్ర ఇసుకరాయి. సుమారు 25 కోట్ల ఏళ్ల కిందట ఆ ప్రాంతం పొడి నేల, నదులు మోసుకొచ్చిన ఇసుక పొరలు పొరలుగా పేరుకుని రాయైంది. చాలా కాలం తర్వాత పడమటి వైపు, ఇప్పుడు రైన్ నది పారే చోట, నేల పగిలి కుంగింది. కుంగిన చోట అంచు పైకి లేస్తుంది కదా, అందుకే ష్పెస్సార్ట్ పొరలన్నీ ఆగ్నేయానికి వాలి ఉంటాయి. బాగా లేచిన పడమటి భాగంలో ఇసుకరాయి మొత్తం కొట్టుకుపోయి, అడుగున ఉన్న ఇంకా పాత రాళ్ళు, భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ మారిన నైస్, అభ్రకపు షిస్టు, బయటపడ్డాయి. ఇప్పటికీ తేడా కళ్ళకి కనిపిస్తుంది: పడమట ఊళ్ళు, పొలాలు, తోటలు, తూర్పున, ఇసుకరాయి మొదలైన దగ్గర్నుంచి, అడవే అడవి.

ఆ పాత రాళ్ళలో దొరికిన మాంగనీసు గార్నెట్‌కి (గార్నెట్ అంటే రత్నాల్లా వాడే ఒక ఖనిజాల కుటుంబం) ఫ్రెంచి శాస్త్రవేత్త బ్యూదాన్ 1832లో ఈ కొండల పేరే పెట్టాడు, స్పెస్సార్టిన్ అని. మనకీ దీనికీ ఒక చుట్టరికం ఉంది. విజయనగరం జిల్లా కోడూరు మాంగనీసు గనుల్లోని వింత రాయికి బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మోర్ కోడురైట్ అని పేరు పెట్టాడు. అందులో ఉండే గార్నెట్ స్పెస్సార్టిన్‌కీ ఆండ్రడైట్ అనే ఇంకో గార్నెట్‌కీ మధ్య రకం కాబట్టి ఆ రెండు పేర్లూ కలిపేసి దాన్ని స్పాండైట్ అన్నాడు. అలా మన ఉత్తరాంధ్ర గనిలోని ఖనిజం పేరులో ఒక జర్మన్ అడవి ముక్క ఇరుక్కుపోయింది.

సరే, మళ్ళీ అడవిలోకి. ఇసుకరాయి మీద ఏర్పడే నేల ఆమ్ల గుణం ఉన్నది, సారం లేనిది. వ్యవసాయం గిట్టదు. పైగా శతాబ్దాలపాటు అది మైంట్స్ నగరాన్ని ఏలిన ఆర్చిబిషప్పుల, అంటే పెద్ద క్రైస్తవ మతాధికారుల, వేటాడే అడవి, సామాన్యుడు గొడ్డలి పట్టుకుని ఇష్టమొచ్చినట్టు దూరడానికి వీల్లేదు. కాబట్టి అడవి మిగిలింది. అలాగని అది మనిషి చెయ్యి పడని అడవి అనుకుంటే పొరపాటే. అక్కడ సహజంగా రాజ్యమేలేది బీచ్ చెట్టు. పేరుమోసిన ష్పెస్సార్ట్ ఓక్ చెట్లని మనుషులు పనిగట్టుకుని పెంచారు, కొన్నిటికి ఇప్పుడు నాలుగు వందల ఏళ్ళు. నేల బీదది కాబట్టి చెట్టు నెమ్మదిగా పెరుగుతుంది, వలయాలు దగ్గరదగ్గరగా పడతాయి, అదే దాని విలువ: సామాన్ల మీద అతికించే పల్చటి వెనీర్ పలకలకి ఇలాంటి కర్రే కావాలి.

గాజు పనివాళ్ళూ ఇక్కడే చేరారు, వాళ్ళ వృత్తి కట్టుబాట్లు 1406లోనే రాతలో ఉన్నాయి. ఇసుక ఉంది, కర్ర ఉంది, ఇంకేం కావాలి? కొలిమి మంటకి కాలే కర్ర కంటే ఇసుక తేలిగ్గా కరగడానికి కలిపే పొటాష్‌ని బూడిద నుంచి తీయడానికి కాల్చేది ఎక్కువ, అంటే గాజు అడవిని రెండు చేతులా తినేది. 1698లో లోర్ ఊళ్ళో అద్దాల కార్ఖానా కూడా వచ్చింది.

లోయలు తడి, బురద. అందుకే ఉప్పు మూటలతో గాడిదలు గట్ల వీపు మీదుగా నడిచేవి. ఆ గాడిదల దారి ఇప్పుడు 111 కిలోమీటర్ల కాలినడక బాట. 1854లో వచ్చిన రైలు గట్టు ఎక్కలేక ఆయాసపడేది, బరువైన గూడ్సు బళ్ళకి వెనక నుంచి ఇంకో ఇంజను నెట్టాల్సిందే, 2017లో కొత్త సొరంగాలు తెరిచేదాకా.

ఈ అందమంతా చూసి వాళ్ళు సుఖంగా బతికారనుకోకండి. 1852లో ఇక్కడ ఆకలి ఎంత దారుణంగా ఉందంటే, బవేరియా ప్రభుత్వం ప్రసిద్ధ వైద్యుడు రుడాల్ఫ్ ఫిర్‌ఖోవ్‌ని పంపింది. ఆయన మందులతో ఇది తీరదు, చదువు, సంపద, స్వేచ్ఛ కావాలన్నాడు. సారం లేని నేల మీద చలికాలం గడవాలంటే అడవి నుంచి వంటచెరకు తెచ్చుకునే హక్కే జనానికి దిక్కు. ఆ పాత హక్కులు ఇంకా బతికే ఉన్నాయి. కొన్నేళ్ళ కిందట ష్పెస్సార్ట్‌ని నేషనల్ పార్క్ చేద్దామన్న మాట రాగానే జనం ముందు అడిగింది వాటి గురించే, గొడవ ముదిరి 2017లో బవేరియా ప్రభుత్వం నేషనల్ పార్కుకి పరిశీలిస్తున్న చోట్ల జాబితా నుంచి ఈ అడవి పేరుని తీసేసింది.