రక్తదాతకు ఏం ఇవ్వాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నంలోని ఒక బ్లడ్ బ్యాంకులో వైద్యాధికారిగా పనిచేస్తున్నాను. ఎంవీపీ కాలనీలో శిబిరం పెట్టినా, గాజువాకలో పెట్టినా నిర్వాహకులు ముందుగా అడిగేది ఒకటే: "దాతలకు ఏం ఇద్దామండీ?" మంచిపని చేసినవారికి ఏదో ఒకటి ఇవ్వాలన్న ఆలోచనను నేను తప్పుపట్టను. అయితే ఆ ఇచ్చేది రక్తం సంచిలోకి ఏం తెస్తుందో వారికి చెప్పవలసిన బాధ్యత మాది.

అపోహ: డబ్బు ఇస్తే రక్తం కొరత తీరిపోతుంది.

వాస్తవం: ఆ దారిలో మన దేశం చాలాకాలం నడిచింది. సుప్రీంకోర్టు 1996 జనవరి 4న ఇచ్చిన తీర్పు రక్తాన్ని అమ్ముకునే వృత్తిదాతల పద్ధతిని రెండేళ్లలో రూపుమాపాలని ఆదేశించగా, 1998 జనవరి 1 నుంచి అది నిషిద్ధమైంది. డబ్బు కోసం వచ్చినవాడు తన జబ్బు సంగతి చెబితే ఆ పూట సంపాదన పోతుంది కాబట్టి చెప్పడు. సేకరించిన ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తాం. కానీ వైరస్ సోకిన తొలి రోజుల్లో, అంటే మేము విండో పీరియడ్ అనే వ్యవధిలో, ఎంత మంచి పరీక్షకైనా అది చిక్కకపోవచ్చు. అటువంటప్పుడు రోగిని కాపాడగలిగేది దాత తన ప్రశ్నపత్రంలో నిజాయితీగా పెట్టే టిక్కు ఒక్కటే. బ్రిటన్‌కు చెందిన సామాజిక పరిశోధకుడు రిచర్డ్ టిట్మస్ 1970లోనే ఈ వాదన చేశారు.

అపోహ: నగదు ఇస్తేనే తప్పు, వస్తువు ఇస్తే ఫర్వాలేదు.

వాస్తవం: అది వస్తువును బట్టి ఉంటుంది. కొన్నేళ్ల క్రితం ఒక శిబిరంలో నిర్వాహకులు మాకు చెప్పకుండా లక్కీ డ్రాలో స్మార్ట్‌ఫోన్ పెట్టారు. మధ్యాహ్నానికి వరుస మెట్ల దాకా సాగింది. ఒక కుర్రాడి వేలి నుంచి తీసిన రక్తపు చుక్క నీలిరంగు మైలుతుత్తం ద్రావణంలో చక్కగా మునిగింది; అంటే హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గలేదన్నమాట. బరువు, బీపీ కూడా సరిపోయాయి. నరం చూడటానికి ఫుల్‌హ్యాండ్స్ చొక్కా పైకి మడవమంటే మాత్రం తటపటాయించాడు. మడిచాక చూస్తే, ఇంకా పొక్కు పూర్తిగా రాలని కొత్త టాటూ కనబడింది. టాటూ వేయించుకున్న తరువాత 12 నెలల పాటు రక్తం తీసుకోకూడదు. ప్రశ్నపత్రంలో ఆ గడి దగ్గర అతను "లేదు" అని రాశాడు. "ఫోన్ కోసమండీ" అని తానే ఒప్పుకున్నాడు. అతనిపై నాకు కోపం రాలేదు. అబద్ధానికి ధర కట్టి టేబుల్ మీద పెట్టింది మేమే. ఆనాటి నుంచి లక్కీ డ్రా ఉంటే మేము శిబిరానికి వెళ్లము.

అపోహ: నిజమైన దాత ఏమీ ఆశించడు కాబట్టి ఏమీ ఇవ్వనక్కరలేదు.

వాస్తవం: ఇది మాలాంటి వారిలోనే ఎక్కువగా ఉన్న అపోహ. పండ్ల రసం, బిస్కెట్లు, దారిఖర్చు, చిన్న జ్ఞాపిక వంటివి స్వచ్ఛంద రక్తదానానికి విరుద్ధం కావని అంతర్జాతీయ నిర్వచనమే చెబుతోంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు రక్తం ఇచ్చిన రోజున ప్రత్యేక క్యాజువల్ లీవు ఉంది. ఏడాదికి నాలుగుసార్ల వరకు వాడుకోవచ్చు. స్వీడన్‌లో దాత ఇచ్చిన రక్తం రోగికి ఎక్కించినప్పుడు ఆయన ఫోన్‌కు సందేశం వెళుతుంది. అదే దేశంలో జరిపి 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, డబ్బు ఇస్తామనగానే ముందుకు వచ్చే మహిళల సంఖ్య తగ్గింది. ఆ డబ్బును ధర్మానికి ఇచ్చేయవచ్చని చెప్పినప్పుడు ఆ తగ్గుదల కనబడలేదు. మా అనుభవంలో దాతను మళ్లీ రప్పించేది, పురుషులకైతే 90 రోజులు, స్త్రీలకైతే 120 రోజులు గడిచాక పేరుపెట్టి పిలుస్తూ చేసే ఒక ఫోన్ కాల్.

అపోహ: రోడ్డు ప్రమాద బాధితుణ్ణి ఆసుపత్రికి చేర్చితే ప్రభుత్వమే డబ్బిస్తోంది, కాబట్టి రక్తానికీ ఇవ్వవచ్చు.

వాస్తవం: ఆ పథకం 2021 అక్టోబరులో 5,000 రూపాయలతో మొదలైంది, ఇటీవల ఆ మొత్తాన్ని 25,000 చేశారు. దానిపై నాకు అభ్యంతరం లేదు. మద్దిలపాలెం కూడలిలో పడిపోయిన మనిషిని ఎవరు ఏ ఉద్దేశంతో ఆటో ఎక్కించినా, ఆ ఉద్దేశం క్షతగాత్రుడి రక్తంలో కలవదు. పైగా అక్కడ జనాన్ని ఆపినది డబ్బు లేమి కాదు, పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాలన్న భయం. ఆ భయం లేకుండా సాయం చేసేవారికి మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేర్చిన 134ఏ సెక్షన్ రక్షణ ఇచ్చింది.

అపోహ: బంధువుల చేత ఇప్పిస్తే అది స్వచ్ఛందమే.

వాస్తవం: పాడేరు నుంచి సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న బిడ్డను ఎత్తుకొని వచ్చిన తల్లికి ఈ ఊళ్లో బంధువులెవరుంటారు? "ఎవరినైనా తీసుకురామ్మా" అని పంపేస్తే, ఎక్కడో ఒక ఆసుపత్రి గేటు బయట ఆమెకు తమ్ముడు దొరుకుతాడు. ఆ తమ్ముడికి ఆమె పేరు కూడా తెలియదు, కానీ ఫారం మీద సంతకం చేస్తాడు. 1998లో నిషేధించిన బేరమే ఇది, చుట్టరికం ముసుగు వేసుకొని వచ్చింది.

ఈ పరిస్థితి మే నెలలో ముదురుతుంది. కాలేజీలకు సెలవులు, ఎండలు, ఖాళీ అయ్యే ఫ్రిజ్‌లు. ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులకు మించి నిలవ ఉండవు. అందుకే ఆ నెలలో శిబిరం పెడతామని వచ్చేవారితో, బహుమతుల కోసం దాచిన డబ్బుతో రెండు కూలర్లు, ఒక షామియానా అద్దెకు తెమ్మని, రక్తం తీసేది ఉదయం ఏడింటికే మొదలుపెడదామని చెబుతున్నాను.