శంకర్‌పల్లి గ్యాస్ కరెంటు ఎందుకు రాలేదు?

మా నాయిన రాత్రి ఒంటిగంటకు లేచి బ్యాటరీ లైటు పట్టుకొని బోరుకాడికి పోయేవాడు. త్రీఫేజు కరెంటు పగలు కొంత, రాత్రి కొంత వచ్చేది. స్టార్టర్ డబ్బా మీద మూడు చిన్న బల్బులు ఉండేవి. మూడూ ఒకే తీరుగా వెలిగితే మోటరు వేయొచ్చు. ఒకటి మసకగా ఉంటే ఆగాలి, తెగించి వేస్తే కాయిల్ మాడిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఆ లైను కింది రైతులంతా తలా ఇంత వేసుకొని ట్రాక్టరు మీద రిపేరుకు తీసుకుపోయేవాళ్లు. నల్గొండ బత్తాయి తోటలు, పాలమూరు బోర్ల కింది వరి బతికింది ఆ మూడు బల్బుల మీదే.

ఆ రోజుల్లోనే హోటల్ బెంచీల మీద రెండు పేర్లు తరచూ వినిపించేవి: నేదునూరు, శంకర్‌పల్లి. ఒకటి కరీంనగర్ దగ్గర, ఇంకొకటి మనకు దగ్గరగా రంగారెడ్డి జిల్లాలో. రెండూ ప్రభుత్వ సంస్థ జెన్‌కో కడతానన్న గ్యాస్ కరెంటు ప్లాంట్లు. నేదునూరుది 2,100 మెగావాట్ల ప్లాను. ఉద్యమకాలంలో ఈ రెండు పేర్లు లేని సభ ఉండేది కాదు. ప్లాంట్లు మాత్రం రెండు చోట్లా లేవలేదు.

మొదట్నించీ చూస్తే, ఉమ్మడి రాష్ట్రంలో గ్యాస్ కరెంటు గోదావరి ఒడ్డున మొదలైంది. కృష్ణా, గోదావరి డెల్టాలో గ్యాస్ దొరికింది కాబట్టి ప్లాంట్లూ అక్కడే వెలిశాయి. విజ్జేశ్వరంలో 1990ల మొదట్లో వచ్చిన ప్లాంటులో విద్యుత్ బోర్డుతో పాటు పరిశ్రమలకూ వాటా ఉంది. 1991 తర్వాత ప్రైవేటు వాళ్లకు తలుపులు తెరిచారు. జేగురుపాడు, కాకినాడ, తర్వాత కొండపల్లి వచ్చాయి. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును కరెంటు తయారుచేసే జెన్‌కో, దాన్ని లైన్ల మీద చేరవేసే ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు. మరుసటి ఏడు ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద ఆందోళనకు దిగినవాళ్ల మీద హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. కరెంటు ఎవరిది, ఎంతకు కొంటున్నారు అన్న ప్రశ్న అప్పటినుంచి మామూలు రైతు నోటికీ వచ్చింది. జెన్‌కో సొంతంగా కట్టాలన్న పట్టుదల అందులోంచే పుట్టిందని నా అనుకోలు.

ఇంతకీ గ్యాస్ అంటే అంత మోజు ఎందుకు? కంబైన్డ్ సైకిల్ అనే పద్ధతిలో గ్యాస్‌ను రెండుసార్లు వాడుకుంటారు. ముందు టర్బైన్‌లో మండించి కరెంటు తీస్తారు. దాన్నుంచి దాదాపు 600 డిగ్రీల వేడితో వచ్చే పొగను ఊరికే వదలకుండా బాయిలర్‌లోకి పంపి ఆవిరి చేస్తారు. ఆ ఆవిరితో రెండో టర్బైన్ తిరుగుతుంది. మొత్తం కరెంటులో మూడింట రెండు వంతులు మొదటిదాన్నుంచి, ఒక వంతు రెండోదాన్నుంచి వస్తుంది. ఇంధనంలోని శక్తిలో సగానికి పైగా కరెంటు అవుతుంది, బొగ్గులో అంత రాదు. బూడిద ఉండదు, నీళ్లు తక్కువ పడతాయి. సాయంత్రం లోడు పెరిగితే తొందరగా అందుకుంటుంది. నీళ్లకు కటకటలాడే మన వైపుకు ఇంతకంటే ఏం కావాలి?

అయితే 700 మెగావాట్ల ప్లాంటు నిండుగా నడవాలంటే రోజుకు సుమారు 30 లక్షల ఘనపు మీటర్ల గ్యాస్ కావాలి. అసలు చిక్కంతా ఇక్కడే. సింగరేణి బొగ్గులో రాష్ట్రానికి సగానికి పైగా వాటా ఉంది. గ్యాస్ ఎవరికివ్వాలో తేల్చేది మాత్రం ఢిల్లీ.

2009 ఏప్రిల్‌లో కాకినాడ సముద్రంలోని కేజీ-డీ6 అనే గ్యాస్ బావుల నుంచి గ్యాస్ రావడం మొదలైంది. దాని కోసం వేసిన పైపులైను తెలంగాణ మీదుగానే గుజరాత్‌లోని భరూచ్ దాకా పోయింది, దాదాపు 1,400 కిలోమీటర్లు. మన నేల కిందినుంచి పోయే గ్యాస్ మనకివ్వరా అని ఉద్యమంలో అడిగింది దీని గురించే. కేంద్ర మంత్రుల బృందం అప్పటికే వరస పెట్టింది: ముందు ఎరువులు, వంటగ్యాస్, ఆ తర్వాత అప్పటికే కట్టిన కరెంటు ప్లాంట్లు. కట్టి ఖాళీగా కూర్చున్న వేమగిరి, గౌతమి, కోనసీమ, జేగురుపాడు విస్తరణ నాలుగూ కలిపి 1,500 మెగావాట్లు. అన్నీ ప్రైవేటువే, అన్నీ కోస్తావే. కాగితం మీదున్న శంకర్‌పల్లి ఆ క్యూలో ఎక్కడ నిలబడాలి? ముందు కట్టినవాడికే గ్యాస్, గ్యాస్ గ్యారంటీ లేనివాడికి అప్పు పుట్టదు. జెన్‌కో ఈ ముడిలో పడిపోయింది.

ఆ తర్వాతిది అందరికీ తెలిసిందే. 2010 దాటాక కేజీ-డీ6 ఉత్పత్తి జారిపోయింది. 2012 మార్చిలో కేంద్రమే కొత్త గ్యాస్ ప్లాంట్ల ఆలోచన పెట్టుకోవద్దని చెప్పేసింది. 2013 నాటికి కరెంటు ప్లాంట్లకు ఆ బావుల గ్యాస్ ఆగిపోయింది. సామర్లకోటలో 2,400 మెగావాట్లకని తెచ్చిన ప్రైవేటు యంత్రాల్లో కొన్ని చివరికి బంగ్లాదేశ్‌కు వెళ్లాయి. నిష్ఠూరంగా ఉన్నా ఒక మాట చెప్పాలి: శంకర్‌పల్లి అప్పుడే కట్టి ఉంటే, ఆ అప్పుల వడ్డీ మన బిల్లుల్లోనే కనిపించేది.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు తెలంగాణ వైపు చెప్పుకోదగ్గ గ్యాస్ ప్లాంటు ఒక్కటీ లేదు. ఉమ్మడి కరెంటులో తెలంగాణ వాటా 53.89 శాతమని రాసుకున్నారు గానీ, ఆగిపోయిన ప్లాంటులో సగం వాటా అంటే ఏమొస్తుంది? విచిత్రమేంటంటే జేగురుపాడు మొదటి దశ ప్లాంటును 2016లో ఆంధ్ర డిస్కంలు, అంటే ఇళ్లకు కరెంటు పంచే సర్కారు కంపెనీలు, కొనేశాయి. సర్కారు చేతికి గ్యాస్ ప్లాంటు అలా పాతది కొనుక్కోవడం ద్వారా వచ్చింది, అదీ అటు వైపే.

ఇటు తెలంగాణ బొగ్గు వైపు తిరిగింది. 2015 జూన్ 8న నల్గొండ జిల్లా దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. తొలి యూనిట్‌ను జాతికి అంకితం చేసేసరికి 2024 డిసెంబరు వచ్చింది. బొగ్గు గనులు గోదావరి దగ్గర, ప్లాంటు కృష్ణ దగ్గర. సింగరేణి నుంచి వ్యాగన్లలో బొగ్గు వస్తుంటే, ఊళ్లలో బూడిద గురించి మాట్లాడుకుంటున్నారు.

గ్యాస్ నల్గొండకూ వచ్చింది లెండి, సీఎన్జీగా. మొన్న బంకులో మా ఆటో ముందు పదకొండు ఆటోలున్నాయి. ప్రెషర్ లేదు, అరగంట ఆగాలన్నాడు పంపు దగ్గరి కుర్రాడు.