రెక్కమందారమా, ముద్దమందారమా?

నెల్లూరు

అబ్బయ్యలకూ, అమ్మణ్ణులకూ ఆశీస్సులు.

తేనెటీగలూ సీతాకోకచిలుకలూ వచ్చి వాలేలా మిద్దె మీద పూలకుండీలు పెట్టాలని ముచ్చట పడుతున్నారు కదా. నర్సరీకి పోయే ముందు ఒక్క మాట వినండి. అక్కడ ముందుగా కంటికి ఆనేవి ముద్దబంతి, ముద్దమందారం. తేనెటీగకు వాటితో పెద్దగా పని లేదు. రెక్కమందారం మధ్యలో ఉండే పొడుగాటి కాడను చూడండి, చుట్టూ పసుప్పచ్చటి పుప్పొడి అంటుకుని ఉంటుంది. ముద్దమందారంలో ఆ కేసరాలు చాలావరకు రెక్కలుగా మారిపోయి ఉంటాయి. ఇక ఈగ వచ్చి తినేదేముంది? బంతయినా మందారమయినా ఒంటిరెక్క రకమే అడగండి.

12 అంగుళాల కుండీలు నాలుగైదు చాలు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. పచ్చిపేడ వేస్తే వేళ్లు మాడతాయి. అడుగు బెజ్జం మీద పెంకుముక్క బోర్లించడం మరవకండి. మనకు వానల జోరు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు బెజ్జం పూడిందంటే నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతాయి, మొక్క వాడుతుంది. అది చూసి దాహమనుకుని ఇంకో చెంబు పోస్తారు, దాంతో చచ్చిపోతుంది. మట్టిలో వేలు గుచ్చి చూడండి, తడి తగిలితే ఆ పూట నీళ్లు వద్దు.

ఒక కుండీలో తులసి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు పూలవెన్నులన్నీ గిల్లేస్తుంటారు, సగమన్నా ఉంచమని బతిమాలుకోండి. ఇంకో కుండీలో వంటింటి ధనియాలు నలిపి చల్లండి. కొత్తిమీర ముదిరిందని పీకేయొద్దు, తెల్లటి పూత రానివ్వండి. దాని మీద వాలే పసుపు నలుపు చారల చిన్న ఈగలున్నాయే, వాటి పిల్లలు మొక్కల రసం పీల్చే పేనుబంక పురుగులను తినేస్తాయి.

వంగమొక్క ఒకటి తప్పకుండా ఉండాలి. వంగపువ్వులో పుప్పొడి సన్నటి గొట్టాల్లో దాగి ఉంటుంది, కొనన చిన్న రంధ్రాలు. నల్లతుమ్మెద పువ్వును గట్టిగా పట్టుకుని ఒళ్లు అదిరిస్తూ జుమ్మంటుంది. ఆ అదురుకి పుప్పొడి పొట్ట మీద రాలుతుంది. ఎండిన కొయ్యలో, వెదురులో బెజ్జం చేసుకుని గుడ్లు పెడుతుందది. గోడవార ఒక పాత వెదురుబొంగు ఉంటే పారేయకండి.

కరివేపాకు మీద పిట్టరెట్టలాంటి పురుగు కనబడితే నలిపేయకండి. అది పెరిగి పచ్చబడి, సీతాకోకచిలుక అవుతుంది. మన పొదలకూరు, గూడూరు నిమ్మచెట్ల మీద ఆకు తినేదీ అదే. రైతుకి లేతమొక్కల దగ్గర అది నష్టమే, మీకు మాత్రం రెండు రెమ్మలు పోతే పోనీలెండి.

పేనుబంక మరీ ఎక్కువైతే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి, పొద్దుగూకాక ఆకుల అడుగున కొట్టండి. అప్పటికి తేనెటీగలు గూటికి చేరి ఉంటాయి. విచ్చిన పూల మీద పడనీయకండి.

రోహిణి కార్తెలో తేనెటీగలకు పూలకంటే నీళ్లకే కటకట. మట్టిమూకుడులో గులకరాళ్లు పరిచి, రాళ్ల తలలు పైకి కనబడేంత వరకే నీళ్లు పోయండి. రాళ్లు లేకపోతే ఈగలు మునిగిపోతాయి. దోమలు గుడ్లు పెడతాయి కాబట్టి రెండు రోజులకోసారి కడిగి మార్చండి.

బంతివిత్తనాలన్నీ ఒకేసారి చల్లేయకుండా మూడు వారాలకోసారి పిడికెడు మట్టిలో కొన్ని వేస్తూ పోండి. ఒక కుండీ పూత అయిపోయే వేళకి ఇంకోటి అందుకుంటుంది.

మీ తాతయ్య