వ్యాలీ ఫీవర్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, ఫీనిక్స్‌లో ఊపిరితిత్తుల వైద్యం చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చే తెలుగువారిలో చాలామందికి ఈ జబ్బు పేరే తెలియదు. అరిజోనా ఎడారిలో, కాలిఫోర్నియా శాన్ వాకీన్ లోయలో మట్టిలో బతికే కాక్సిడియాయిడిస్ అనే ఫంగస్ దీనికి కారణం. గాలిదుమారం లేచినా, ఇళ్ల కోసం నేల తవ్వినా దాని బీజాలు దుమ్ముతో కలిసి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి.

అపోహ: జ్వరం, దగ్గు, ఎక్స్‌రేలో మచ్చ ఉంటే మామూలు న్యుమోనియానే. యాంటీబయాటిక్స్ వాడితే సరిపోతుంది.

వాస్తవం: రోగులకు వారాలు, ఒక్కోసారి నెలలు వృథా అయ్యేది ఇక్కడే. ఫంగస్ మీద యాంటీబయాటిక్స్ పనిచేయవు. బీజాలు పీల్చిన 1 నుంచి 3 వారాలకు జ్వరం, దగ్గు, ఛాతీనొప్పి మొదలవుతాయి. స్నానం చేసి వచ్చి మళ్లీ పడుకోవాలనిపించేంత నీరసం ఉంటుంది. నేను ప్యాంటు పైకి మడవమని అడిగి కాళ్లు కూడా చూస్తాను. కొందరికి మోకాలి కింద, ఎముక మీదుగా, ముట్టుకుంటే నొప్పిపుట్టే ఎర్రటి గడ్డలు కనిపిస్తాయి. ఈ ప్రాంతంలో ఉన్నవారికి రెండో యాంటీబయాటిక్ రాసేముందు రక్తంలో యాంటీబాడీ పరీక్ష చేయించాలని గట్టిగా చెబుతాను.

అపోహ: పరీక్ష నెగెటివ్ వస్తే జబ్బు లేనట్టే.

వాస్తవం: తొలి వారాల్లో యాంటీబాడీలు కనిపించకపోవచ్చు. లక్షణాలు తగ్గకపోతే మళ్లీ చేయించాలి.

అపోహ: ఇంట్లో ఒకరికి వస్తే అందరికీ అంటుకుంటుంది.

వాస్తవం: దగ్గినా, ఒకే కంచంలో తిన్నా అంటదు. పిల్లలను దూరం పెట్టకండి.

అపోహ: వ్యాలీ ఫీవర్ అని తేలితే అందరూ మందులు వాడాల్సిందే.

వాస్తవం: ఫంగస్ సోకినవారిలో సుమారు 60 శాతం మందికి లక్షణాలే ఉండవు. ఆరోగ్యవంతులకు స్వల్పంగా వస్తే చాలావరకు దానంతటదే తగ్గుతుంది, డాక్టరు గమనిస్తూ ఉంటే చాలు. మధుమేహం ఉన్నవారు, స్టెరాయిడ్లు వాడేవారు, అవయవ మార్పిడి జరిగినవారు, గర్భిణుల విషయంలో మాత్రం ఉపేక్షించకూడదు. ఎక్కువగా ఇచ్చేది ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు, సాధారణంగా నెలల తరబడి. గర్భం తొలి నెలల్లో అది బిడ్డకు హాని చేయవచ్చు కాబట్టి ముందే డాక్టరుకు చెప్పాలి. రోజురోజుకూ పెరిగే తలనొప్పి ఉంటే ఆలస్యం చేయకండి. మెదడు పొరలకు పాకిన ఫంగస్‌కు జీవితాంతం మందు వాడాల్సి వస్తుంది.

అపోహ: అరిజోనా వదిలి ఇండియా వెళ్లిపోతే ఇక భయం లేదు.

వాస్తవం: అరిజోనాలో పిల్లల దగ్గర కొన్ని నెలలు ఉండి తిరిగి వెళ్లిన తల్లిదండ్రుల గురించే నా బెంగ. సాయంత్రం పార్కులో నడిచినా చాలు, బీజాలు పీల్చే అవకాశం ఉంది. దగ్గు, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో గుల్ల చూస్తే హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా డాక్టరు మొదట టీబీ అనుకోవడం సహజం. అక్కడ టీబీయే ఎక్కువ. కళ్లెలో టీబీ క్రిమి దొరకకపోయినా, మందులు వాడుతున్నా తగ్గకపోయినా, అరిజోనాలో ఉండి వచ్చామని మీరే చెప్పండి. కళ్లెను, అందులోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష అయిన కల్చర్‌కు పంపితే ల్యాబుకూ ఆ మాట చేరాలి. పెరిగిన ఫంగస్ ఉన్న పళ్లెం మూత అజాగ్రత్తగా తీస్తే అక్కడి సిబ్బందికి సోకవచ్చు.