నమ్మకం ఒకరిది, భారం ఇంకొకరిది

1941 డిసెంబర్ 18 రాత్రి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, బ్రాక్టన్ ఊరు. సారా ప్రిన్స్ అనే ఆవిడ యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ పత్రికలు పంచడానికి బయల్దేరుతుంటే, మేమూ వస్తామని ఇంట్లో పిల్లలు ఏడ్చారు. ముందు వద్దంది, తర్వాత మనసు కరిగి తీసుకెళ్లింది. ఆవిడ దగ్గర పెరుగుతున్న తొమ్మిదేళ్ల మేనకోడలు, భుజాన పత్రికల సంచీ వేసుకుని, ఆవిడకి ఇరవై అడుగుల దూరంలో వీధిలో నిలబడింది. పద్దెనిమిదేళ్లలోపు ఆడపిల్లలు వీధుల్లో పత్రికలు అమ్మకూడదని అక్కడి చట్టం, దాంతో కేసయింది. ఇది దేవుడి పని, పిల్లని నా మతంలో పెంచే హక్కు నాకుంది అని ఆవిడ వాదన. 1944లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. విశ్వాసం కోసం పెద్దవాళ్లు తామే బలి కావచ్చు గానీ, సొంతంగా నిర్ణయించుకునే వయసు రాని పిల్లల్ని బలి చేసే హక్కు వాళ్లకి లేదంది.

మత స్వేచ్ఛకి హద్దు ఎక్కడ అనే గొడవలో నాకు అన్నిటికంటే నిలకడగా కనిపించే గీత ఇదే: నమ్మకం ఒకరిదై, దాని భారం ఇంకొకరి మీద పడే చోటు.

మొదట్లో గీసిన గీత వేరు. నమ్మకం జోలికి ప్రభుత్వం రాకూడదు, చేతల జోలికి రావచ్చు అన్నారు. 1879లో బహుభార్యాత్వం కేసులో, రేనాల్డ్స్ అనే మార్మన్‌కి (అప్పట్లో బహుభార్యాత్వాన్ని మతధర్మంగా నమ్మిన శాఖవాడు) వ్యతిరేకంగా తీర్పిస్తూ అమెరికా సుప్రీంకోర్టు పట్టుకున్నది దీన్నే. వినడానికి బాగానే ఉంటుంది కానీ, మతమంటే మనసులో అనుకోవడం ఒక్కటే కాదు కదా, చేసేదాన్నంతా చట్టానికి వదిలేస్తే ఇక స్వేచ్ఛ ఏం మిగిలినట్టు? పైగా ఆ తీర్పులో, బహుభార్యాత్వం ఉత్తర, పశ్చిమ ఐరోపా దేశాలకి ఎప్పుడూ అసహ్యమేనని, అది దాదాపుగా ఆసియా, ఆఫ్రికా వాళ్ల జీవితంలోదేనని కూడా రాశారు. ఇది చాలా తప్పు. ఎక్కువమందికి నచ్చకపోవడం వేరు, ఇంకొకరికి నష్టం జరగడం వేరు.

ఆ తేడా 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో కొంత స్పష్టమైంది. లోపలి నమ్మకానికి హద్దు లేదు. ఆచరణకి మాత్రం, చట్టం ద్వారా, అవసరమైనంత మేరకే పెట్టొచ్చు. అందుకు ఒప్పుకునే కారణాల్లో ప్రజల భద్రత, ఆరోగ్యంతో పాటు ఇతరుల హక్కులూ ఉన్నాయి. మన రాజ్యాంగంలో 25వ అధికరణం అయితే హద్దులు చెప్పాకే హక్కు చెబుతుంది.

మన దగ్గర రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూడండి. కేరళలో జాతీయగీతం పాడలేదని ముగ్గురు యెహోవా సాక్షుల పిల్లల్ని బడి నుంచి పంపేశారు. వాళ్లు లేచి మర్యాదగా నిలబడ్డారు, తమ మతం ఒప్పుకోదని పాడలేదు, అంతే. ఎవరికి ఏం నష్టం? 1986లో జస్టిస్ చిన్నప్పరెడ్డి పిల్లల పక్షాన తీర్పు రాశారు. చెన్నైలో ఒక చర్చి మైకులు, డ్రమ్స్ మోతపై చుట్టుపక్కల కాలనీవాళ్లు కోర్టుకెక్కారు. ఇతరుల ప్రశాంతత చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని 2000లో సుప్రీంకోర్టు తేల్చేసింది. మొదటి దాంట్లో ఇంకొకరి నెత్తిన ఏమీ పడలేదు, రెండోదాంట్లో రోజూ పడుతోంది.

అన్నీ ఇంత తేలిగ్గా తేలవు. రక్తం ఎక్కించుకోవడం మతానికి విరుద్ధమని పెద్దవాళ్లు తమకి తాము వద్దంటే, చాలా దేశాల్లో డాక్టర్లు బలవంతం చేయలేరు. పసిబిడ్డకి వద్దంటే మాత్రం, రక్తం ఎక్కించమని డాక్టర్లకి కోర్టులు అనుమతి ఇచ్చేస్తాయి. మరి పద్నాలుగేళ్ల పిల్ల తనే వద్దంటే? సరిగ్గా అలాంటి కేసే కెనడా సుప్రీంకోర్టుకి వచ్చింది. రక్తం ఎక్కించమనే అధికారం కోర్టుకిచ్చిన చట్టాన్ని 2009లో సమర్థించింది, కానీ పిల్ల ఎంత ఆలోచించగలదో చూసి, దాన్నిబట్టి ఆమె మాటకి విలువ ఇవ్వాల్సిందేనంది.