పెళ్లి పందిట్లో గాల్లోకి లేచినవాడు

జీలకర్ర బెల్లం అయిపోయింది, పంతులుగారు మాంగల్యం అందిస్తున్నారు. సరిగ్గా అప్పుడే "ఆపండి!" అని కేక. హీరో వచ్చి ఒక్క గుద్దు గుద్దితే రౌడీ గాల్లోకి లేచి, పందిరి గుంజ విరగ్గొట్టుకుని కొబ్బరి బోండాల గుట్ట మీద పడతాడు. ఇలాంటి సీను వచ్చినప్పుడల్లా మా మేనత్త అడిగేది ఒకటే: "నిజంగ అంత దూరం ఎగిరి పడ్తడారా?"

పడడు. 80 కిలోల మనిషికి చేయి మొత్తం బరువు సుమారు 4 కిలోలు. మంచి బాక్సర్ పిడికిలి సెకనుకు 9 మీటర్ల వేగంతో రాగలదు. బరువును వేగంతో గుణిస్తే 36. ఇదే ద్రవ్యవేగం. అదంతా 75 కిలోల రౌడీకి అందినా అతని వేగం సెకనుకు అర మీటరు దాటదు. భుజం, నడుం బలం తోడైనా రెండడుగులు తూలి నిలదొక్కుకుంటాడు. నాలుగు మీటర్లు ఎగరాలంటే సెకనుకు 6 మీటర్లకు పైగా వేగం కావాలి. అంత తోపు ఇచ్చాక, అంతే తోపు తిరిగి తనకూ తగులుతుంది కదా, హీరో మాత్రం కదలకుండా నిలబడగలడా? న్యూటన్‌కి హీరో అన్న మొహమాటం లేదు.

ఎగరేసేది గుద్దు కాదు, రోప్. చొక్కా కింద ఒంటికి బిగించిన పట్టీలు (హార్నెస్), వాటికి సన్నటి ఉక్కు తీగ. ఫైట్ మాస్టర్ సైగ చేయగానే అవతల తాడు లాగుతారు. తీగను తర్వాత కంప్యూటర్లో చెరిపేస్తారు. పిడికిలి ముఖానికి జానెడు దూరంలోంచి పోయినా తగిలినట్టే కనిపిస్తుంది, కెమెరాది ఒంటికన్ను కదా, మధ్యలో ఖాళీ తెలియదు.

అసలు సైన్సంతా కింద పడటంలో ఉంది. 3 మీటర్ల ఎత్తు నుంచి పడితే నేల తాకేసరికి వేగం గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. సాయంత్రం అమీర్‌పేటలో బైకు కూడా అంత వేగం పోదు! ఆ వేగం 3 సెంటీమీటర్లలో ఆగిపోతే ఒంటి మీద పడే బలం సగటున తన బరువుకు వంద రెట్లు. 60 సెంటీమీటర్లలో మెల్లగా ఆగితే ఆరు రెట్లే. అందుకే ఖాళీ అట్టపెట్టెలు పేర్చి, పైన పరుపు వేస్తారు. పెట్టె స్ప్రింగులా తిరిగి ఎగరేయదు. పడిన ఊపంతా అట్ట నలగడానికే ఖర్చయిపోతుంది. నలిగినవి మళ్లీ పనికిరావు, ఇంకో టేక్ అంటే మళ్లీ పేర్చుకోవాల్సిందే.

హైదరాబాద్‌లో సినిమావాళ్ల అడ్డా కృష్ణానగర్. అక్కడి ఫైటర్లకు ఈ లెక్కలు కాగితం మీద అక్కర్లేదు. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు మొత్తం ఒకేసారి తాకేలా పడతారు.

"మరి గా బోండాల మీద పడితే నడుం ఇరగదా?" అంది అత్త.

"బోండాలు ముందు వరుసలోనే అత్తా. వెనకంతా అట్టపెట్టెలే."